నల్లరేగడిలో ట్రైలర్‌కి చోటు

పిట్స్‌వర్త్ చుట్టుపక్కల మట్టిరోడ్లని చదునుచేసే గ్రేడర్ బండిని ఇరవై తొమ్మిదేళ్లు నడిపిన మనిషి వాల్డా జెల్లర్. కౌన్సిల్ రోడ్ల పనిలో ఆమె చేరింది గ్రేడర్ కోసం కాదు. ఒక వైపు ‘ఆగు’ అనీ రెండో వైపు ‘మెల్లగా’ అనీ రాసిన బోర్డు తిప్పుతూ ఎండలో నిలబడే ఉద్యోగం అది. మూడేళ్లు బోర్డు తిప్పింది. గ్రేడర్ నడిపే ఆయన నడుం పట్టేసి మంచమెక్కిన వారంలో, “రోజూ చూస్తూనే ఉన్నాగా, ఓసారి ఎక్కనివ్వండి” అంది. మేస్త్రీ పగలబడి నవ్వాడు. సాయంత్రానికి నవ్వడం మానేశాడు.

అక్కడిది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది. వాన పడితే ఉబ్బి, కాలికున్న బూటుని ఊడలాక్కుంటుంది. అలాంటి నేల మీద రోడ్డు నిలబెట్టడం అందరివల్లా కాదు. “నీళ్లకి దారి చూపించు, వాటి మానాన అవి పోతాయి. చూపించలేదనుకో, నీ రోడ్డే దారి చేసుకుంటాయి” అని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది. ఆమె చేసిన రోడ్డు మీద వానలో కూడా పాలవ్యాను ఆగదని రైతులు అనేవాళ్లు. ఆ మాట ఆమె చెవిన పడితే విననట్టు మొహం పెట్టేది గానీ, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తినేది.

ఆమె భర్త క్లెమ్ గాలిమరలు బాగుచేసేవాడు. పొలాల్లో పశువుల తొట్లకి బోరు నీళ్లు తోడే ఇనప గాలిమరలు. నోరు ఊరుకోని మనిషి. నలభై అడుగుల ఎత్తున కూర్చుని కూడా కిందవాడితో కబుర్లాడుతూనే మర బిగించేవాడు. పిల్లలు లేరు వాళ్లకి. వాల్డా రిటైరైన ఏడు ఇద్దరూ కలిసి ఒక క్యాంపర్ ట్రైలర్ కొన్నారు. కారు వెనక తగిలించుకుపోయి, నచ్చినచోట ఆపి మూత తెరిస్తే పడకా వంటబల్లా ఉన్న కాన్వాసు గుడారమై నిలబడే రెండు చక్రాల బండి. అక్కడ చలికాలమైన జూన్ నుంచి ఆగస్టుదాకా ఉత్తరాన సముద్రంవరకూ తిరిగొచ్చారు. మరుసటేడు దేశం చుట్టూ తిరగాలనుకున్నారు.

ఆ సెప్టెంబరులో ఒక రైతు పొలంలో గాలిమర నిచ్చెన మెట్టు ఊడి క్లెమ్ కింద పడ్డాడు. పెద్ద ఎత్తేం కాదు, పదిహేను అడుగులు. వెన్ను విరిగింది. బ్రిస్బేన్ ఆస్పత్రిలో నాలుగు నెలలున్నాడు. కాళ్లలో కొంత స్పర్శ ఉంది, కొంత లేదు. ఏ సంగతీ తేలడానికి రెండేళ్లు పడుతుందని డాక్టర్లు చెప్పారు. నడిస్తే నాలుగడుగులు నడవచ్చు, నడవకపోనూవచ్చు. జనవరి చివర్లో చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాడు.

వాల్డా ఆ నాలుగు నెలలూ ఆస్పత్రికీ ఇంటికీ మధ్యే తిరిగింది. పెరట్లో షెడ్డు పక్కన గడ్డిలో నిలిపిన ట్రైలర్ సంగతి మర్చేపోయింది. క్రిస్మస్‌కి పెద్ద వానలు పడ్డాయి. క్లెమ్‌ని తీసుకొచ్చిన మర్నాడు పెరట్లోకి వెళ్లి చూస్తే, ట్రైలర్ ఒక పక్కకి వాలి ఉంది. ఎడమ చక్రం ఇరుసుదాకా మట్టిలో దిగిపోయింది. అడుగున ఇనుమంతా ఎర్రటి తుప్పు. పైన కప్పిన ప్లాస్టిక్ టార్పాలిన్ ఎత్తితే గుప్పుమని బూజు వాసన. పరుపు మూలని ఎలుక పిల్లల్ని పెట్టింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని. జిల్లాలో ఏ బండీ దిగబడకుండా చూసిన మనిషి పెరట్లో సొంత బండే దిగబడింది.

పక్కింటి ఆర్చీ మెకెల్వీ ట్రాక్టరు తెచ్చి లాగాడు. జీవితమంతా కాంక్రీటు పోసి రిటైరైన మనిషి అతను. పోసేపని మానేశాడు గానీ కాంక్రీటు గురించి మాట్లాడటం మానలేదు. ట్రైలర్ బయటికొచ్చాక చక్రం గుంట చూసి తల అడ్డంగా ఆడించాడు.

“వాల్, ఊరందరికీ రోడ్లేసి నువ్వు బురదలో కాపురం పెట్టావేమిటి?”

“నోరు మూసుకుని ఆ గొలుసు విప్పు” అంది వాల్డా.

క్లెమ్ వంటింటి కిటికీలోంచి అంతా చూశాడు. రాత్రి భోజనాల దగ్గర, “అమ్మేద్దాం దాన్ని” అన్నాడు. వాల్డా లేచి కంచాలు తీసేసింది. మరుసటి వారం ఫోను మోగింది. వార్విక్ నుంచి ఎవరో, పేపర్లో ప్రకటన చూశాం, ట్రైలర్ ఉందా అని. వాల్డా ఫోను చెవికి పెట్టుకునే భర్త వైపు చూసింది. అతను వేరుశెనగ వెన్న రాసిన రొట్టెముక్క వైపు చూశాడు.

“లేదండీ, అమ్ముడుపోయింది” అని పెట్టేసింది.

“ఎవరికి అమ్మావు?” అన్నాడు క్లెమ్.

“నాకే. నాతో ఒక్క మాటన్నా చెప్పకుండా ప్రకటన వేయిస్తావా?”

“రెండేళ్లు కదలని బండి ఎందుకు వాల్? నేల మింగేస్తోంది దాన్ని.”

“అయితే నేల మారుస్తా.”

అలా మొదలైంది. రెండేళ్లో, మూడేళ్లో బండి ఒక్కచోటే నిలబడాలి. దాని కింద ఏం ఉండాలి? గడ్డి పనికిరాదని తేలిపోయింది. తడి రోజంతా పైకి ఆవిరై వస్తుంది, ఇనుమూ కాన్వాసూ రెండూ తాగుతాయి. పైగా ఎత్తుగా పెరిగిన గడ్డంటే పాములకి ఇల్లు కట్టించినట్టే. టూవూంబాలో క్యాంపర్లు అమ్మేవాణ్ని అడిగితే, కింద రబ్బరు చాపలు పరవమన్నాడు. చాప పరిస్తే చాపా దిగబడుతుంది, అంతే తేడా. ఆర్చీకి మాత్రం సందేహమే లేదు. టీకప్పుతో వచ్చి కంచె మీద మోచేతులు ఆనించాడు.

“కాంక్రీటు పొయ్యి. పోస్తే నీ మనవల కాలందాకా ఉంటుంది.”

“నాకు మనవల్లేరు ఆర్చీ.”

“సరే, నా మనవల కాలందాకా. శుభ్రంగా ఉంటుంది, కలుపు మొలవదు, జాకీ పెడితే కదలదు.”

“మరి మీ షెడ్డు ముందు పోసిందో? ఆ పగుల్లో నా వేలు పడుతుంది.”

“అది... ఆ ఏడు కరువు వచ్చింది కదా.”

“ఇక్కడ కరువు రాని ఏడూ, వరద రాని ఏడూ ఎప్పుడుంది? రేగడి ఊపిరి తీస్తూ వదుల్తూ ఉంటుంది. దాని మీద బిగుసుకుని పడుకునేది ఏదైనా విరుగుతుంది. దాంతోపాటు కదిలేది కావాలి. గ్రావెలే.”

“తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అంటావు. కానియ్” అని ఆర్చీ టీ తాగేశాడు.

మార్చి చివర్లో నేల ఆరాక పని మొదలెట్టింది. పాత స్నేహాల మీద కౌన్సిల్ యార్డులోవాళ్లు వాళ్ల సొంత చిన్న తవ్వకం బండీ, చేత్తో తోసే రోలరూ ఇచ్చారు. ట్రైలర్ కన్నా చుట్టూ ఎనిమిదేసి అడుగులు ఎక్కువ ఉండేలా జాగా గీసి, జానెడు లోతున రేగడి తీసేసింది. అడుగున రోడ్ల కింద పరిచే మందపాటి నల్లగుడ్డ పరిచింది. నీళ్లు దిగనిస్తుంది, మట్టిని పైకి రానివ్వదు. దాని మీద రాతిపొడి కలిసిన గ్రావెల్ రెండు పొరలుగా తోలించి, ఒక్కో పొరా తడిపి రోలర్ కొట్టింది. షెడ్డు వైపు నుంచి కంచె వైపుకి వాలు పెట్టింది. ఆ వాలు కింద చిన్న కాలవ తీసింది. ఆఖరున పైన బెత్తెడు మందాన విడి కంకర పోసింది, వాన పడితే బురద చిందకుండా.

ఎనిమిది రోజులు పట్టింది. అరవై మూడేళ్ల ఒళ్లు ఎనిమిది రోజులూ మూలుగుతూనే ఉంది. అయినా ఆస్పత్రి వరండాలో నెలలకి నెలలు కూర్చున్న మనిషికి, చేత్తో ఏదో ఒకటి చెయ్యడం, సాయంత్రానికి అది కళ్లకి కనబడటం ఎంత సుఖమో ఆ రోజుల్లో తెలిసింది. కాన్వాసు విప్పి మూడు రోజులు ఎండబెట్టింది, వెనిగర్ నీళ్లతో బూజు తుడిచింది, తుప్పు గీకి రంగేసింది. బండిని కొత్త చోటికి ఎక్కించి, చక్రాలు గాల్లో ఉండేలా నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టింది. ప్లాస్టిక్ టార్పాలిన్ పారేసి, గాలాడే గుడ్డతో కుట్టిన ముసుగు తొడిగింది.

ఆర్చీ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. బూటు మడమతో రెండుసార్లు తన్ని చూశాడు. “బాగానే ఉంది” అన్నాడు. అతని నోట అది పెద్ద బిరుదు.

క్లెమ్ ఎనిమిది రోజులూ కిటికీ దగ్గరే ఉన్నాడు. మామూలుగా అయితే ‘అదిగో ఆ మూల ఎత్తుంది, ఇదిగో ఈ మూల పల్లం’ అంటూ ఆమెని పిచ్చిదాన్ని చేసేవాడు. ఈసారి నోరు మెదపలేదు. నొప్పి మాత్రల మత్తు అనుకుంది వాల్డా.

మే నెలలో ఒక గురువారం ఉదయం కూరగాయలకీ మందులకీ ఊళ్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పదకొండున్నర. వంటింట్లో క్లెమ్ లేడు. బల్ల మీద అతని ఫోనుంది. వెనక తలుపు తెరిచి ఉంది.

ట్రైలర్‌కి బారెడు దూరంలో విడి కంకరలో కుర్చీ కూరుకుపోయి ఉంది. ముందు చిన్న చక్రాలు రెండూ పూర్తిగా దిగిపోయాయి. వెనక పెద్ద చక్రాలు తిప్పి తిప్పి రెండు గోతులు చేశాడు. టోపీ లేదు. మెడా చెవులూ ఎర్రగా కాలిపోయాయి. ఒళ్లో గ్రీజు డబ్బా ఉంది.

“ఎంతసేపైంది?” అంది వాల్డా, సంచులు అక్కడే పడేసి.

“నువ్వు వెళ్లిన పావుగంటకి బయల్దేరా.”

“గంటన్నర! కేకెయ్యలేదా?”

“వేశా. ఆర్చీ రేడియోలో గుర్రప్పందేలు వింటున్నాడు.” అతని గొంతులో హాస్యం లేదు. “ఇరుసుకి గ్రీజు పెడదామని వచ్చా. చక్రాలు ఎత్తేసి గ్రీజు పెట్టకుండా వదిలేశావు కదా.”

వాల్డా కుర్చీ వెనక పట్టుకుని లాగింది. అది ఇంకా దిగబడింది.

“లాగకు. నేను లాగి చూశాగా” అన్నాడు. తర్వాత ట్రైలర్ వైపు చూస్తూ అన్నాడు. “మంచి పక్కే వేశావు దానికి. ఆర్చీని అడిగావు. టూవూంబావాణ్ని అడిగావు. యార్డులో అందరినీ అడిగావు. నన్ను ఒక్క ముక్క అడగలేదు వాల్.”

ఆమెకి వెంటనే కోపమే వచ్చింది. “నువ్వు అమ్మకానికి పెట్టినప్పుడు నన్నడిగావా?”

“లేదు.”

“ఎందుకు పెట్టావు మరి?”

అతను గ్రీజు డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. “కిటికీలోంచి రోజూ కనిపిస్తుంది. అక్కడిదాకా వెళ్లలేను. చేత్తో ముట్టుకోలేనిది నాదెలా అవుతుంది? ఎవరిదో బండి మనింట్లో పెట్టినట్టుంది. ఇవాళ పొద్దున ఎందుకో ధైర్యం చేశా. గడ్డి మీద బాగానే వచ్చా. నీ రోడ్డెక్కాక ఆగిపోయా.”

వాల్డా పోసిన కంకర, ఆ కంకర అంచున తనే చెక్కిన గీతలాంటి గట్టు, అన్నీ చూసింది. ఇరవై తొమ్మిదేళ్లు రోడ్డు వేసేముందు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దీని మీద ఏం నడుస్తుంది? పాలవ్యానా, గొర్రెల లారీనా, స్కూలు బస్సా? ఇంట్లో ఆ ప్రశ్న వేసుకోలేదు. బండి ఒక్కటే ఉంటుంది అనుకుంది. మనిషి దాని దగ్గరికి ఎలా వెళ్తాడో తోచనే లేదు. మనసులో ఎక్కడో, ఇక వెళ్లడు అని తనూ అనుకుందేమో. ఆ ఆలోచన వచ్చేసరికి మొహం పక్కకి తిప్పుకుంది.

“రెండు చెక్కపలకలు తెస్తా ఉండు” అని షెడ్డులోకి వెళ్లింది. పలకలు వెతకడానికి ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపే ఉంది అక్కడ.

పలకల మీదుగా కుర్చీని వెనక్కి లాగలేదు. ముందుకే, ట్రైలర్ దగ్గరికే తోసింది. క్లెమ్ ఇరుసు రెండు వైపులా గ్రీజు పెట్టాడు. పావుగంట పని. అంతసేపూ ఆమె పలకలు జరుపుతూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే పారతో విడి కంకరంతా ఎత్తడం మొదలెట్టింది. క్లెమ్ గుమ్మం దగ్గర కూర్చుని, “మొత్తం ఎత్తకు. బండి కింద ఉంచు. కుర్చీ తిరిగే మేర తియ్యి చాలు” అన్నాడు. ఆస్పత్రిలో శిక్షణ ఇచ్చినమ్మాయి చెప్పిందట, కుర్చీ పూర్తిగా తిరగాలంటే ఐదడుగులు కావాలని. టేపు పెట్టి కొలిపించాడు. వంటింటి గుమ్మానికి కుర్చీ దిగడానికని వేసిన వాలు నుంచి ట్రైలర్ పక్కదాకా, గుడారం విచ్చుకునే వైపు అంతా, ఐదడుగుల బాట. దారానికి సున్నం రాసి గీత కొట్టించాడు. జీవితమంతా గాలిమరల్ని నిటారుగా నిలబెట్టినవాడికి గీత తప్పితే కంట్లో నలుసు పడ్డట్టే. మధ్యలో బుడగ ఉండే మట్టపు బద్ద ఒళ్లో పెట్టుకుని అడుగడుక్కీ చూశాడు.

“వాల్, ఇలా రా. ఈ మూల చూడు. వాలు షెడ్డు వైపుకి ఉంది.”

“ఉండదు.”

“బుడగ అబద్ధం చెప్పదు.”

వంగి చూసింది. నిజమే. అరంగుళం తేడా. ఆ మూలకి వచ్చేసరికి ఎనిమిదో రోజు, బాగా అలిసిపోయింది. “నేను గ్రేడర్ మీద ఉంటే ఇలా జరగదు” అని గొణిగింది.

“నేనూ నిచ్చెన మీద ఉంటే ఏదీ జరగదనే అనుకున్నా. మెట్టే జరిగింది” అన్నాడు క్లెమ్. సెప్టెంబరు తర్వాత అతను వేసిన మొదటి జోకు అది. వాల్డా నవ్వలేక నవ్వింది.

బాటకి ఏం వెయ్యాలన్నప్పుడు మళ్లీ ఆర్చీ వచ్చాడు. గంటన్నరసేపు ఎండలో మాడిన మనిషి కేక వినలేదన్న సిగ్గుతో వారమంతా కంచె వైపు రాలేదు. ఈసారి టీకప్పు లేకుండా వచ్చాడు.

“కుర్చీకి గట్టిగా, నున్నగా ఉండాలి. కాంక్రీటు తప్ప దారి లేదు వాల్. నా చేత్తో నేనే పోస్తా. సన్నటి పట్టీ కదా, నాలుగైదు అడుగులకోసారి కోత పెడదాం. విరిగితే ఆ కోతల దగ్గరే విరుగుతుంది, కుర్చీకి తగలదు. కింద మాత్రం నీ గ్రావెలే ఉండనీ.”

వాల్డా క్లెమ్ వైపు చూసింది. “ఏమంటావు?”

“పైన మరీ నున్నగా చెయ్యకు. వానలో జారుతుంది. చీపురు గీతలు పెట్టు” అన్నాడు క్లెమ్.

ఆర్చీ మోకాళ్ల మీద కూర్చుని రెండు రోజులు పోశాడు. పూర్తయ్యాక నడుం పట్టుకుని లేస్తూ, “చూశావా, చివరికి నా కాంక్రీటే గెలిచింది” అన్నాడు.

“నీ కాంక్రీటు నా గ్రావెల్ మీద పడుకుంది, అది మర్చిపోకు” అంది వాల్డా.

ఆ బాట వచ్చాక క్లెమ్ రోజులు మారాయి. పొద్దున టీ అవ్వగానే ట్రైలర్ దగ్గరికి వెళ్లేవాడు. వారానికోసారి చక్రాలు చేత్తో తిప్పేవాడు. నెలకోసారి గుడారం విప్పి గాలి పోయించేవాడు. ఎత్తుగా ఉన్న పడక కోళ్లు కోసి కుర్చీ ఎత్తుకి దించాడు. వంటబల్ల కూడా దించాడు. నోరు మళ్లీ విచ్చుకుంది, పనిచేస్తున్నంతసేపూ వాల్డా ఉన్నా లేకపోయినా మాట్లాడేవాడు. ఆ చలికాలం చివర్లో ఒకరోజు ట్రైలర్ అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. పదిదాకా లెక్కపెట్టి కూర్చున్నాడు. ఈ సంగతి వాల్డాకి వారం దాకా చెప్పలేదు. చెప్పాక ఆమె చూస్తానంటే, నిలబడటానికి ప్రయత్నించి బోర్లా పడ్డాడు. తర్వాత తర్వాత బండి అంచు పట్టుకుని ఒక పక్క నుంచి రెండో పక్కకి అడుగులు వేశాడు. ఏడాది గడిచేసరికి రెండు కర్రలతో వంటింటి దాకా వచ్చేవాడు. అంతకన్నా ఎక్కువ దూరం అప్పటికి రాలేదు. డాక్టర్లు చెప్పింది దాదాపు అంతే.

క్లెమ్ ఇంటికొచ్చాక రెండో ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎడతెగకుండా కురిసింది. ఊళ్లో సగం పెరళ్లు చెరువులయ్యాయి. వాల్డా గొడుగు పట్టుకుని వెళ్లి చూస్తే, నీళ్లు వాలు మీదుగా కాలవలోకి, కాలవలోంచి కంచె కిందకి బుద్ధిగా పోతున్నాయి. బాట మాత్రం ఒక కోత దగ్గర వేలెడు లేచింది. క్లెమ్ ఉలితో దాని అంచు చెక్కేశాడు.

మూడో చలికాలం ట్రైలర్ స్టాండ్లు దిగింది. టైర్లు ఎండకి పగుళ్లిచ్చి ఉంటే కొత్తవి వేయించారు. దేశం చుట్టూ కాదు, గంటన్నర దూరంలో కూల్‌ముండా జలాశయం. అక్కడికి చేరాక వాల్డా ముందు కారు దిగి ఒంటరిగా ఒడ్డంతా తిరిగొచ్చింది. చెట్ల నీడన బాగున్న చోట్లు రెండు వదిలేసి, ఎండలో, మరుగుదొడ్డి దగ్గర్లో ఉన్న గట్టి నేల చూపించింది. “ఇక్కడ నీడన్నదే లేదుగా” అన్నాడు క్లెమ్. “చక్రాలు తిరుగుతాయి” అంది.

గుడారం అతనే విప్పాడు. సాయంత్రం ఆమె ఉల్లిపాయలూ సాసేజీలూ వేయిస్తుంటే, కర్రలు తీసుకుని నీళ్ల వైపు బయల్దేరాడు. కుర్చీ వద్దన్నాడు. ముప్పై గజాలు. దారిలో రెండుసార్లు పడ్డాడు. మొదటిసారి వాల్డా గరిటె పట్టుకుని పరుగెత్తింది. రెండోసారి పక్క గుడారం ముసలాయన లేపబోతే, “ఉండండి బాబూ, ఇక్కడినుంచి పెలికాన్ పక్షులు బాగా కనిపిస్తున్నాయి” అని కాసేపు అలాగే కూర్చున్నాడు. వాల్డా సాసేజీలు రొట్టెలో పెట్టి అక్కడికే తెచ్చింది. గడ్డిలో అతని పక్కన కూర్చుంది.

రెండు రాత్రులని వచ్చారు. మూడో రోజు, ఆదివారం పొద్దున, ఆమె సామాను సర్దుతుంటే క్లెమ్, “సోమవారం ఎవరికి పనుంది?” అన్నాడు. ఆమె మళ్లీ కెటిల్ పొయ్యి మీద పెట్టింది.